ఊరంతా నిదానించిన మధ్యాహ్నం

ఒకప్పుడు ఐసు తయారుచేసిన ఆ భవనానికి గోడలు మూరెడు మందం. వీధిలో బస్సులు ఎంత గోలచేసినా లోపలికి గుసగుసైనా రాదు. చూపు లేనివాళ్ళకూ, చూపు మందగించినవాళ్ళకూ పుస్తకాలు చదివి వినిపించే సంస్థ ఒకటి చోటు వెతుక్కుంటూ వచ్చి, ఆ నిశ్శబ్దాన్ని చూసే అక్కడ దిగింది. వెలుతురు చూసి ఇల్లు తీసుకున్నవాళ్ళుంటారు, నీటి వసతి చూసి తీసుకున్నవాళ్ళుంటారు. నిశ్శబ్దం చూసి తీసుకున్నవాళ్ళు ఎన్ని ఊళ్ళు తిరిగినా అరుదుగా తగులుతారు.

ఆ భవనం పైఅంతస్తులో, ఉత్తరపు కిటికీ పక్కన, ప్రోగ్రాములు రాసే ఆవిడ ఒకతె కూర్చునేది. ఆఫీసులో అందరూ ఆవిడను సర్దుబాటక్క అనేవారు. ఎక్కడ ఏది తెగినా అప్పటికి ఓ అతుకు వేసి నడిపించేస్తుందని ఆ పేరు. ఆవిడకేం కోపం లేదు. పని మధ్యలో చేతులాపి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బడం, చప్పబడడం చూస్తూ ఉండిపోయేది. చూసేవాళ్ళకు అది పగటికల. ఆవిడకు మాత్రం పనిలో భాగమే. కోడ్ ఎక్కడ చిక్కుపడిందో ఆ దుప్పట్లలోనే కనబడుతుందని ఓసారి భర్తతో అంది. ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే మనిషి. "అయితే నీకు అద్దాలు మార్చక్కర్లేదు, దుప్పట్లు ఉతికిస్తే చాలు," అన్నాడట.

సంస్థ పనితీరు ఇది. వినేవాళ్ళ ఇంట్లో అరచేతిలో పట్టేంత పెట్టె ఉంటుంది. దానిమీద తడిమితే తెలిసేలా పెద్ద బొత్తాలు. బొత్తం నొక్కితే ఆ కోరిక ఐసు భవనంలోని సర్వర్‌కు చేరుతుంది. అక్కడ జావాస్క్రిప్ట్‌లో రాసిన ప్రోగ్రాము పుస్తకం వెతికి, దానికి గొంతు జతచేసి, తిరిగి పెట్టెలోకి పంపుతుంది. ఆ గొంతు చాలా ఏళ్ళు ఒక్కరిదే. అది సర్దుబాటక్క అత్తగారిది.

నిజానికి అక్కకు ఆ గొంతు ముందు పరిచయం, మనిషి తరవాత, ఆ మనిషి కొడుకు అందరికన్నా ఆఖర్న. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నడవాలోంచి వెళుతూ రికార్డింగు గది తలుపు సందులోంచి ఆ చదువు వింది. సముద్రం మీద మంచు కమ్మిన ఘట్టమేదో నడుస్తోంది. వింటూ వింటూ తన గదికి వెళ్ళే దారి మరిచిపోయి మెట్ల మీద కూలబడింది. లోపలినుంచి శాలువా కప్పుకున్న పెద్దావిడ బయటికి వచ్చి, "ఏమ్మా, చలేస్తోందా? ఈ గోడలింకా ఐసు మరిచిపోలేదు," అని శాలువాలో సగం ఆమె మీద కప్పింది. పెళ్ళిచూపులంటే అవే అనుకోవాలి.

ఆ గొంతు ఇప్పుడు లేదు. గొంతులో ఏదో లేచి, కోసి తీసేసినప్పుడు చదువుకూడా దానితోపాటే పోయింది. మిగిలింది ఊపిరంత మాట. పెద్దావిడకు ఎవరితో పనిబడినా గ్లాసు మీద చెంచాతో కొడుతుంది. ఒక దెబ్బ కోడలికి, రెండు దెబ్బలు కొడుక్కి. కొడుకు రెండు దెబ్బలు విన్నా కదలడనీ, మూడోది తన వీపు మీద పడితేగానీ లేవడనీ ఆవిడే గుసగుసగా నవ్వేది.

ఇక మేనేజరు. గడువు లేకుండా ఏ మాటా మాట్లాడడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని గడువుగారు అనేవారు. చెడ్డవాడు కాదు. అత్తగారి జబ్బు తరవాత కొత్త పుస్తకాలు ఆగిపోయాయని, యంత్రం చదివే గొంతొకటి తెప్పించాడు. దానికి దగ్గు రాదు, దాహం వెయ్యదు, ఏ పుస్తకమిచ్చినా గడగడా చదివేస్తుంది. చిక్కల్లా ప్రోగ్రాముతోనే. అందులో ప్రతి ఫైలూ తనకు గొంతు కావలసినప్పుడల్లా తానే వెళ్ళి పాత గొంతును లాక్కొచ్చుకునేలా రాసి ఉంది. పుస్తకం చదివే భాగమూ అంతే, బొత్తానికి జవాబిచ్చే భాగమూ అంతే, "నమస్కారమండీ" అని పలకరించే భాగమూ అంతే. కొత్త గొంతును అతుకుల మీద అతుకులు వేసి ఎలాగో ఎక్కించారు గానీ, ఇటు లాగితే అటు చిరిగేది.

గడువుగారు అక్కను పిలిచి కూర్చోబెట్టాడు.

"చూడమ్మా, రెండు గొంతులు మొయ్యలేదు మన ప్రోగ్రాము. ఆ మాట మీరే అన్నారు. పాతది తీసేద్దాం. రికార్డింగులెక్కడికీ పోవు, కింద గదిలో ఉంటాయి."

"కింద గదిలోకి వెళ్ళినవాటిని పైకి తెచ్చినవాళ్ళు లేరు సార్."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఓ మెట్టు దిగాడు. రెండూ కలిసి ఉండేలా చేసి చూపించమన్నాడు. ఓ రోజు పెట్టి చూద్దామన్నాడు. "కానీ ఒక్క ఫిర్యాదు వచ్చినా సరే, ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు," అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తగారు శాలువా కుచ్చులు వేలికి చుట్టుకుంటూ విన్నది. "పోనీలేవే. గొంతు పోయినప్పుడే పోయింది," అని గోడవైపు తిరిగింది. ఆ సాయంత్రం, రోజూ నవలలు వినే తన పెట్టె జోలికి పోలేదు.

పరిష్కారం ఎక్కడుందో దుప్పట్లు ముందే చెప్పాయి. తిరిగిన కాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొన్ని సత్రాల్లో దిగినవాడే అన్నీ చూసుకోవాలి. బావి ఎక్కడో, చేద ఎవరి దగ్గరుందో, పొయ్యి ఏ మూలో వెతుక్కోవాలి. బావి చోటు మారిందా, ప్రతి గదిలోనూ గగ్గోలే. ఇంకొన్ని చోట్ల గుమ్మం దగ్గర పెద్దమనిషి ఒకడుంటాడు. నీకేం కావాలో చెప్పి గదిలోకి వెళ్ళిపోవడమే. వెళ్ళేసరికి నీళ్ళూ దీపమూ దుప్పటీ మంచం దగ్గర ఉంటాయి. నీళ్ళు బావివో చెరువువో నీకక్కర్లేదు. రేపు బావి మారితే గుమ్మం దగ్గరున్న ఒక్కడికి తెలిస్తే చాలు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత ఊరికే పుట్టలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఈ పద్ధతికి డిపెండెన్సీ ఇంజెక్షన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాట ఇంట్లో అంటే పెద్దావిడ చప్పున జబ్బ దాచుకుంది.

ఇందుకోసం పెద్ద పెద్ద సరంజామాలున్నాయి. వాటిని దించుకుంటే ఎలుకను పట్టడానికి కొండను తవ్వినట్టే. అక్క వెతికి వెతికి గుప్పెట్లో పట్టేంత లైబ్రరీ ఒకటి తెచ్చుకుంది. పిట్ట కొంచెం కూత ఘనం. అది ఇచ్చేదల్లా ఒక డబ్బా, దాన్ని వాళ్ళు కంటైనర్ అంటారు. 'గొంతు అంటే ఇది', 'పుస్తకాల అర అంటే ఇది' అని పేర్లు చెప్పి అందులో ఒక్కసారి నమోదు చేస్తే చాలు. ఆ తరవాత ఏ భాగమైనా 'నాకు గొంతు కావాలి' అని అడిగి చెయ్యి చాపితే, డబ్బా ఆ గొంతును చేతిలో పెడుతుంది.

ఆ ఎండాకాలమంతా అక్క ఒక్కో ఫైలు తెరిచి, అది స్వయంగా వెళ్ళి తెచ్చుకునే అలవాటు మాన్పించింది. కొన్ని లొంగాయి, కొన్ని మొరాయించాయి. గొంతేమో ముందు పుస్తకాల అర కావాలంటుంది, పుస్తకాల అరేమో ముందు గొంతు కావాలంటుంది. ముందు మీరు కూర్చోండంటే ముందు మీరంటూ నిలబడిపోయిన ఇద్దరు మర్యాదస్తుల్లా అవి రెండూ డబ్బా గుమ్మంలోనే ఆగిపోయాయి. అరకు గొంతుతో పనేమిటా అని తవ్వి చూస్తే, అత్తగారు ఎప్పుడో చదివి ఉంచిన ఒక వాక్యం బయటపడింది. ఎవరైనా తను చదవని పుస్తకం అడిగితే వినిపించడానికన్నమాట: "ఈ పుస్తకం నేనింకా చదవలేదండీ, మరొకటి అడగండి." అక్క దాన్ని తీసి గొంతులోనే పెట్టి ఆ ముడి విప్పింది. ఆ వాక్యాన్ని మాత్రం నాలుగుసార్లు ఊరికే విన్నది.

ఇప్పుడు ఎవరికి వాళ్ళు పాతదో కొత్తదో గొంతు ఎంచుకోవచ్చు, వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. బల్ల దగ్గర పెట్టె పెట్టుకుని నొక్కి నొక్కి చూసింది. పాతదంటే పాతది, కొత్తదంటే కొత్తది, నిదానమంటే నిదానం. ఎదురు మేడ మీద దుప్పట్లు తెరచాపల్లా నిండి ఉన్నాయి. ఇల్లలకగానే పండగ కాదన్న మాట ఆ పూట ఎవరికీ గుర్తుకు రాలేదు.

పరీక్షకు పెట్టిన రోజు పొద్దుటిపూట హాయిగా గడిచింది. అందరి పెట్టెల్లోనూ మామూలుగా యంత్రమే చదువుతోంది. భోజనాలయ్యాక, ఊరి అవతలి కొసన ఉండే గడియారాల తాత పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. గడియారాలు బాగుచేస్తూ చేస్తూ చూపు పోగొట్టుకున్న మనిషి. కొత్త బొత్తం వచ్చిందని విని తడిమి పట్టుకుని పాత గొంతు కోసం నొక్కాడు. తరవాత నిదానం కోసం నొక్కాడు. ఇంకా నిదానం కోసం ఇంకోసారి నొక్కి, కుర్చీలో వెనక్కి వాలాడు.

సరిగ్గా అప్పుడే ఊళ్ళో ఎవరెవరు పెట్టె పెట్టుకుని ఉన్నారో వాళ్ళందరి ఇళ్ళలోనూ గడగడ చదువుతున్న యంత్రం వాక్యం మధ్యలో ఆగి, ఓ పెద్దావిడ గొంతు అందుకుంది. ఉతికిన చీర ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడతపెట్టినంత నిదానంగా ఒక్కో మాటా వస్తోంది. నడుములు పట్టే ఆయన చేతులు, పడుకున్నవాడి వీపు మీద, తెలియకుండానే ఆ నడకలో పడ్డాయి. వీపు యజమాని నిద్రపోయాడు. బడినుంచి రిటైరైన పంతులమ్మ ఊయల కుర్చీ కాలితో తన్నడం మరిచిపోయింది, అయినా అది ఊగుతూనే ఉంది. వంటింటి కిటికీల్లో తెరలు కూడా ఆ పూట తొందరపడలేదు. పరీక్షకు చదువుతున్న కుర్రవాడికి మాత్రం ఒక పేజీకి పట్టే సేపట్లో ఒక వాక్యం వచ్చింది. అత్తగారు ఏనాడూ చదవని పుస్తకాలు వింటున్నవాళ్ళకు ఇంకో విచిత్రం: "ఈ... పుస్తకం... నేనింకా... చదవలేదండీ..." అని ఎంతో మర్యాదగా, నిద్రలోంచి పలికినట్టు.

కింద ఫోన్లు చూసే అమ్మాయి మెట్లెక్కి వచ్చింది.

"అక్కా, అత్తయ్యగారు అందరిళ్ళలోనూ చదువుతున్నారు."

"అందరూ ఆవిడనే ఎంచుకున్నారా?"

"ఎంచుకోలేదంట. వచ్చేసిందంట. అదీ తాపీగా. ఒకాయన, నాకు సగం వయసు తగ్గినట్టుందమ్మా, ఆ తల్లి మళ్ళీ వచ్చిందా అని అడిగాడు. పరీక్ష అబ్బాయైతే, ఈవిడ ముగించేలోపు నాకు పెన్షనొచ్చేస్తుందంటున్నాడు."

అక్క కిటికీవైపు తిరిగింది. దుప్పట్లన్నీ ఒకే గాలికి, ఒకే వైపు, ఒక్కసారిగా ఉబ్బాయి. చప్పున తెలిసిపోయింది. ఈ చిన్న లైబ్రరీకి ఓ అలవాటుంది. వేరే చెప్పకపోతే అది ఏ వస్తువునైనా ఒక్కసారే చేస్తుంది. ఆ తరవాత ఎవరడిగినా కొత్తది చెయ్యదు, ఆ ఒక్కదాన్నే అందరి చేతిలోనూ పెడుతుంది. పుస్తకాల అరకది మంచిదే, అర అందరికీ ఒకటే కదా. గొంతు అలా కాదు. దాని వేగమూ దాని ఎంపికా దానిలోనే ఉన్నాయి. తాత తన గొంతును నిదానించాననుకున్నాడు. నిదానించింది ఊరందరి గొంతు. ముందే ఎందుకు పట్టుబడలేదంటారా? బల్ల దగ్గర పరీక్ష చేసింది ఆవిడొక్కతే. ఒక్కరే ఉండే ఇంట్లో 'నాది' అన్నా 'అందరిదీ' అన్నా తేడా ఏముంది?

పాత పద్ధతికి తిప్పేసింది. ఊరంతా మళ్ళీ గడగడలాడింది. గడువుగారు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోప్పడలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. ఒక్కటి కాదమ్మా, చాలా వచ్చాయి ఫిర్యాదులు, మన మాట ప్రకారం చేద్దాం అన్నాడు. అక్క తలూపింది. సర్దుబాటుకు ఆ పూట అతుకు దొరకలేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు మంచం మీద కూర్చుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఆవిడ నవ్వుకు చప్పుడు లేదు. మధ్యాహ్నం ఆవిడ కూడా పెట్టె పెట్టుకుని కొత్త హత్య నవల ఒకటి వింటోందట. శవం దొరికీ దొరకగానే తన గొంతే తనతో, ఈ పుస్తకం నేనింకా చదవలేదండీ అందట.

"'ఇంకా చదవలేదు' అన్నానే," అంది గుసగుసగా, కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత ధీమా చూడు దానికి."

ఆ తుడుచుకున్నవి నవ్వు నీళ్ళో మరొకటో కోడలు అడగలేదు. మేనేజరు అన్న మాటా చెప్పలేదు. శాలువా సరిచేసి వచ్చేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళితే ఫోన్లమ్మాయి గుమ్మంలోనే ఎదురైంది. చెవికి ఫోను, ఇంకో చేతిలో ఇంకో ఫోను. గడువుగారు ఆ అమ్మాయి బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ ఆపకుండా వస్తున్నాయట. పంతులమ్మ చేసింది, నడుములు పట్టే ఆయన చేశాడు, గడియారాల తాతైతే నాలుగోసారి చేశాడు.

"నిన్నటివి ఆ గొంతు ఎందుకు పెట్టారని సార్, ఇవాళ్టివి దాన్ని ఎందుకు తీసేశారని," అంది ఆ అమ్మాయి. "ఇవీ ఫిర్యాదుల కిందే రాసుకోనా?"

గడువుగారు పెన్ను మూత తీశాడు, పెట్టాడు. న్యాయంగా చూస్తే అవీ ఫిర్యాదులే. ఒక్క ఫిర్యాదు రాకూడదన్నది తన మాటే. పాతది తీస్తే వీళ్ళు ఊరుకోరు, అందరికీ పాతదే పెడితే పరీక్ష అబ్బాయి ఊరుకోడు. తాను తవ్విన గోతి లోతును తానే చూసుకుంటున్నట్టు కాసేపు నేల చూశాడు.

"ఎవరిది వాళ్ళకే ఉండేలా చెయ్యగలరా?"

"మార్పు చిన్నదే సార్. ఒక్కో మనిషికి విడిగా చిన్న డబ్బా ఇవ్వాలి. అర అందరిదీ, గొంతు ఎవరిది వాళ్ళది."

"అయితే చెయ్యండి. ఈసారి మాత్రం ఒక్కరే కూర్చుని చూడకండి. ఇద్దరు చూడాలి. కలిసిపోతే ఇంక మాటల్లేవు, కింద గదే."

మార్పు నిజంగానే చిన్నది. గొంతు నమోదు చేసిన వరసలో ఒక మాట, పెట్టె పలికినప్పుడల్లా చిన్న డబ్బా తెరిచే వరస ఒకటి. ఎండాకాలమంతా కష్టపడినందుకు ఫలం ఇదేనేమో, ఇంత పెద్ద తప్పు ఇంత చిన్న చోట పట్టడం.

రెండో మనిషిని వెతుక్కోనక్కర్లేకపోయింది. సాయంత్రం వెలుతురు గోడల మీద తేనెరంగులోకి తిరిగే వేళ, అత్తగారు తన గదిలో తన పెట్టెతో, కోడలు ముందుగదిలో ఇంకో పెట్టెతో కూర్చున్నారు. రెంటికీ మధ్య నడవాలో అద్దాల పొడి ఇంకా చేతులకు ఉన్న కొడుకు సాక్షిగా గోడకానుకున్నాడు. పెద్దావిడ వినేది యంత్రం చదివే హత్య నవల. అందులో పాత గొంతుగానీ నిదానంగానీ తొంగిచూస్తే గ్లాసు మీద ఒక దెబ్బ కొట్టాలని ఒప్పందం.

కోడలు పాత గొంతు బొత్తం నొక్కింది. సముద్రం మీద మంచు కమ్మిన ఆ ఘట్టమే పెట్టుకుంది. నిదానం నొక్కింది. ఇంకా నిదానం నొక్కింది. మంచు మెల్లగా గదిలోకి వచ్చింది. పడవలో కూర్చున్నవాళ్ళకు గట్టు కనబడడంలేదు. తెడ్డు నీటిలోంచి లేచి, చుక్కలు రాల్చి, మళ్ళీ నీటిని తాకేలోపు ఎంత ఆకాశం పడుతుందో అంతా మాటకూ మాటకూ మధ్య పడుతోంది. వింటున్నంతసేపూ ఆవిడ ఒక చెవి గ్లాసు కోసమే తెరిచి ఉంచింది.

చప్పుడు లేదు. చాలాసేపు లేదు. అత్తయ్య నిద్రపోయారేమో, నిద్రపోతే ఈ పరీక్షకు అర్థమేమిటి అని లేచి చూడబోతుండగా, టంగుమని ఒక దెబ్బ వినిపించింది.

పడవను అలాగే నీళ్ళ మీద వదిలేసి పరుగెత్తింది.

"మారిందా అత్తయ్యా?"

పెద్దావిడ ఒళ్ళో పెట్టె గడగడా చదువుతూనే ఉంది. ఆవిడ వేలు పైకెత్తి, దగ్గరికి రమ్మని, కోడలి చెవిలో ఊపిరంత మాటతో, "మారలేదు. చంపింది తోటమాలి. నీకు చెబుదామని కొట్టాను," అంది.

కోడలు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తేలక రెండూ కాస్త కాస్త చేసింది. కాసేపయ్యాక, రేపటినుంచి ఎవరికి కావలసిన గొంతు వాళ్ళకేనని చెప్పి, "మీ పెట్టెలో ఏది పెట్టను? మీదే పెట్టనా?" అని అడిగింది.

"నాదెందుకే. అది ఈ పుస్తకం చదవలేదుగా. ఇంకా ఎవరి పీక తెగుతుందో నాకెవరు చెబుతారు? యంత్రానిదే ఉండనీ." పెద్దావిడ శాలువాలో సగం తీసి కోడలి భుజం మీద వేసింది. "నువ్వెళ్ళి నీ పడవెక్కు. పాపం వాళ్ళు మంచులో ఉన్నారు."

నడవాలో కొడుకు కదలకుండా నిలబడే ఉన్నాడు. ఒక గదిలోంచి తోటమాలిని గడగడా తరుముకుంటూ యంత్రం, ఇంకో గదిలోంచి తెడ్డు వేసుకుంటూ తన తల్లి. రెండూ నడవాలో కలుసుకున్నాయి, ఒకదానిలో ఒకటి కలవలేదు. గ్లాసు మీద రెండు దెబ్బలు పడ్డాయి. అతనెప్పటిలాగే కదల్లేదు, పడవ గట్టు చేరేదాకా.